కొత్తవాడ గంజుల అవ్వ పోయింది. ఆమె యాదిల ఏం చేద్దాం?

కొత్తవాడ పిలగాడు | శనివారం, రాత్రి 9.10

మన వరంగల్‌ల కొత్తవాడ, మట్టెవాడ, చార్‌బౌళి దిక్కు పెరిగినోళ్లకు నేను చెప్పేదేం లేదు. గంజుల అవ్వ బేస్తవారం తెల్లారుజామున నిద్రలనే పోయింది. ఆధార్‌ల డెబ్బై నాలుగు అని పడ్డది గాని అది తప్పే. 1947-48ల రజాకార్ల లొల్లినాడు తల్లి చంకల ఉన్ననని ఆమెనే చెప్పేది. లెక్క మీరే కట్టుకోండ్రి.

తెల్వనోళ్ల కోసం నాలుగు ముక్కలు. అవ్వ ఇంటి ముందటర్రల గోడ నిండ మొలలుండేటియి. మొలకో గంజు, గరిటె, తెడ్డు, సిబ్బి. కింద ఇత్తడి గుండిగలు, గంగాళాలు. పెండ్లో చావో పురుడో, ఎవలింట్ల పదిమందికి వండేది పడ్డా అక్కడికే పోయేది. కిరాయి లేదు, డిపాజిట్ లేదు. చదువు రాదు కాబట్టి బుక్కు సుత లేదు. గంజు పోయిన మొలకు ఒక నూలు పోగు కట్టేది. మీ ఇంట్ల మగ్గం మీద ఆ వారం ఏ రంగు నడుస్తుందో ఆ రంగు పోగు. ఎర్రది ఎవరిది, పచ్చది ఎవరిది, నీలం ఎవరిది, అన్నీ ఆమె మతిల ఉండేటియి. గల్లీల మగ్గాలు తగ్గినంక రంగులు కలిసిపోయినయి గని ఆమె మాత్రం ఒక్కసారి తప్పు చెప్పలే.

పెద్దకర్మ లోపు మనం ఏమన్న అనుకుంటే బాగుంటది. బొమ్మ పెడుదామా, ఇంకేమన్న చేద్దామా? తలో మాట చెప్పుండ్రి.

సూరత్‌ల ఓరుగల్లోడు | శనివారం, రాత్రి 9.48

అన్నా, నిజమా. పొద్దటిసంది ఫోన్ చూడలే, షిఫ్టుల ఉన్న.

మా బాపు, అవ్వ పెనిమిటి ఇద్దరూ ఆజంజాహి బట్టల మిల్లుల ఒక్క ఖాతాల (విభాగంల) పని చేసిండ్రు. నిజాం 1934ల పెట్టిన మిల్లు, 2002ల మూతపడ్డది. ఆ మధ్యల ఎన్ని ఇండ్లు సూరత్, భీవండి, షోలాపూర్ బాట పట్టినయో మీకు తెలుసు. మాదీ అందుల ఒకటి. అవ్వ పెనిమిటి మిల్లు మూతకంటే ముందే పోయిండు. పదకొండొద్దుల నాడు వంటసామాన్ల దుకాణపోడు పైసలు ముందుగాల పెట్టుమన్నడట. ఇంట్ల లేవు. ఇండ్లిండ్లకు తిరిగి చిన్న చిన్న గిన్నెలు తెచ్చి, ఆరు పొయ్యిల మీద వండిండ్రట. మా అమ్మ ఇప్పటికీ చెప్తది, అన్నం ఒక గిన్నెల మెత్తగ, ఒక గిన్నెల పలుకు, ఒక దాంట్ల అడుగంటింది అని. తర్వాత కండెలు చుట్టిన పైసలతోని చిట్టీ కట్టి, ఆ చిట్టీ పాడి, అవ్వ మొదటి గుండిగ కొన్నది.

2020 లాక్‌డౌన్ల మేం సూరత్ నుంచి వచ్చినప్పుడు మమ్మల్ని ఊరి బయట స్కూల్ల ఉంచిండ్రు. దగ్గరికెవలూ రాలే. రోజూ పగటీలి గేటుకాడ ఒక గంజు ఉండేది, మూత మీద రాయి. తోమకుంట వాపస్ పంపితే ఊకోదని మాకు ఎరుకే. బోరింగు నీళ్లతోని, మట్టితోని రుద్ది పెట్టేటోళ్లం.

చౌరస్తా యూత్ | శనివారం, రాత్రి 10.15

అవ్వకు జోహార్లు 🙏🙏

నా మాట ఒక్కటే, బొమ్మ పెట్టాలె. మన చౌరస్తాల నిలువెత్తు బొమ్మ. లీడర్ల బొమ్మలు ఎన్ని లేవు? మన గల్లీ మనిషికి ఒకటి ఉంటే తప్పేంది? నేను ఇరవై వేలు జమచేస్త. పెద్దకర్మకు ఫ్లెక్సీ మా యూత్ తరఫున. మంచి ఫోటో ఉన్నోళ్లు పంపుండ్రి.

మట్టెవాడ మిత్రుడు | శనివారం, రాత్రి 10.31

తమ్మీ, నీ మనసు మంచిదే. కాని అవ్వ ఫోటో దొరుకుతదా ముందుగాల? ఎవరన్న ఫోన్ ఎత్తితే గరిటె ఎత్తేది.

ఫ్లెక్సీ నెల రోజులకు చినుగుతది. బొమ్మకు కార్పొరేషన్ పర్మిషన్ కావాలె, జాగ కావాలె, ఏడాదికోసారి దండ వెయ్యనీకె మనిషి కావాలె. నాకు అర్థం గానిది వేరే ఉన్నది. గంజులు ఏమైతున్నయి? కొడుకు ఊర్ల లేడు. ఇల్లు కిరాయిది. ఇంటాయన ఎప్పుడు ఖాళీ చెయ్యమంటే అప్పుడే చెయ్యాలె. ఆ గుండిగలు పాతసామాన్లోడికి పోయినంక మనం బొమ్మకు దండేస్తే ఏం లాభం?

ఉర్సు గుట్ట | శనివారం, రాత్రి 11.02

అల్లా ఆమెకు జన్నత్ ఇయ్యాలె. నాకు అవ్వ అంటే పీర్ల పండుగ షర్బత్.

మా అబ్బా కళాయి పని చేసేటోడు. అవ్వ ఇత్తడి సామాన్లన్నీ మా ఇంటికే వచ్చేటియి, ఏడాదికోసారి, మాఘమాసం ముహూర్తాలు షురూ గాక ముందు. ఇప్పటి పిల్లలకు కళాయి అంటే తెల్వదు కాబట్టి చెప్తున్న. ఇత్తడి గిన్నెల ఉట్టిగ పులుసు కాస్తే కిలుం పడతది, తిన్నోళ్లకు కడుపుల తిప్పుతది. అందుకే లోపల తగరం పూత వెయ్యాలె. ముందుగాల ఇసుకతోని, చింతపండుతోని గిన్నెను రుద్దాలె. తిత్తి ఊదుకుంట బొగ్గుల మీద కాల్చాలె. వేడి ఎక్కినంక నవసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లపొగ లేస్తది. అప్పుడు తగరం కడ్డీ ఆనిస్తే కరుగుతది. ఆ కరిగినదాన్ని దూదితోని గిర్రున తిప్పి తుడవాలె. నిమిషం ఆలస్యమైనా అతుకులు అతుకులుగ పడతది.

మా అబ్బా చేసింది గొప్ప పని అనుకునేటోడు. అవ్వ ఒప్పుకునేది గాదు. గిన్నె తీస్కపోయి రాత్రి పుల్ల మజ్జిగ పోసి పెట్టేది. పొద్దుగాల మజ్జిగ జరంత పచ్చగ తిరిగినా గిన్నె నెత్తిన పెట్టుకొని మా గుమ్మం ముందు దిగేది. "మియ్యా, ఎవలన్న చస్తే నీ పేరు చెప్పాల్నా, నా పేరు చెప్పాల్నా?" అనేది. మా అబ్బా నవ్వుకుంట మళ్ల బట్టి అంటుపెట్టేటోడు. పైసలు మాత్రం ఒక్క రూపాయి ఎగ్గొట్టలే. బేరం సుత చెయ్యలే.

రంజాన్ల మా గల్లీ ఇఫ్తార్‌కు ఆమె గుండిగలే. అప్పట్ల కొందరు పెద్దలు లొల్లి చేసిండ్రు, మాంసం వండిన దాంట్ల మేం సద్దులు ఎట్ల కలపాలె అని. ఆమె ఏమన్నదో మా అమ్మ చెప్పేది. "నిప్పు మీద ఎక్కి దిగిన గంజుకు ఏం అంటు? మీకు అంటైతే మీ ఇంట్ల గంజుల వండుకోండ్రి" అన్నదట. వాళ్ల ఇంట్ల అంత పెద్ద గంజు లేకపాయె. మాట ఆడికే ఆగింది.

సిరిసిల్ల సాంచెలు | ఆదివారం, ఉదయం 7.20

మాది సిరిసిల్ల, అవ్వను చూడలే. చదువుతుంటే మా దిక్కు సుత ఇట్లాంటి ఒకామె ఉంటే బాగుండనిపిస్తుంది. ఒక్క డౌటు. ఊకెనే ఇస్తే సామాన్లు మాయం కావా? మా సంఘంల కుర్చీలు కొంటే ఆర్నెల్లకు సగం లేవు.

కొత్తవాడ పిలగాడు | ఆదివారం, ఉదయం 8.05

ఊకెనే ఎప్పుడిచ్చింది సాంచెలన్నా! పైసలు తీసుకోలేదు, గంతే. గంజు తీస్కపోయినోని ఇంటినుంచి ఒక మనిషి, వచ్చేసారి గంజు ఏ ఇంటికి పోతే ఆ ఇంటికి తోముడుకు పోవాలె. అదీ లెక్క. నువ్వు కలెక్టర్‌వైనా సరే. మా చిన్నాయన పెండ్లికి గుండిగలు తెచ్చినం. పది రోజులకు ఇంకో గల్లీల ఎవరో ముసలాయన పోతే, మాకు సుట్టం గాదు పక్కం గాదు, కొత్త పెండ్లికొడుకు పోయి బొగ్గుపొడితోని గుండిగ తోమిండు. చెయ్యికి కంకణం ఇప్పలే ఇంక. ఆడ తోమినోళ్లందరు ఆయనకు దోస్తులైండ్రు. అట్ల ఎవలో ఒకరు చూస్తనే ఉంటరు కాబట్టి గరిటె సుత పోలే.

వాపస్ ఇచ్చేటప్పుడు చూడాలె ఆమెను. గంజు బోర్లించి, అడుగు మీద గోటితోని గీకేది. మసి గోటికి అంటిందా, మారు మాట్లాడకుంట మళ్ల మన చేతుల పెట్టేది.

హంటర్ రోడ్ | ఆదివారం, ఉదయం 9.30

2023 జులై వానలు ఎవరు మర్చిపోతరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది. 27 తెల్లారేసరికి మోరంచపల్లి జనం ఇండ్ల కప్పుల మీద ఉన్నరు. ఇటు వరంగల్‌ల ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ నీళ్లల్ల మునిగినయి.

మా ఇంట్ల మోకాళ్ల దాక వచ్చినయి. మమ్మల్ని తీస్కపోయి ఒక హాల్ల ఉంచిండ్రు. పొద్దున బ్రెడ్డు ప్యాకెట్లు వచ్చినయి, బిస్కెట్లు వచ్చినయి, ఫోటోలు దిగేటోళ్లు వచ్చిండ్రు. పగటీలికి ఆటోల రెండు గుండిగలు దిగినయి. ఎంబడి ఒక ముసలామె. వండుకొని తెచ్చిందనుకున్నం. మూత తీస్తే ఉత్త గుండిగలు, లోపల బియ్యం సంచి, పప్పు, ఉల్లిగడ్డ. "కూసున్నరేంది, ఆ ఉల్లిగడ్డ కొయ్యుండ్రి" అన్నది. మాకు మండింది, నిజం చెప్పాల్నంటే. ఇల్లు మునిగి మేం ఏడుస్తుంటే ఈమె పని చెప్తుందేంది అని. ఒక గంటకు ఆడోళ్లంత పొయ్యికాడ ఉన్నరు, మగోళ్లు నీళ్లు మోస్తున్నరు. మా అమ్మ రెండు రోజులసంది మాట్లాడలేదు, ఆడ ఉప్పు ఎక్కువైందని పక్కామెతోని కొట్లాడింది. అట్ల మనుషులల్ల పడ్డది.

వందమందికి పన్నెండు కిలోల బియ్యం, మూడు కిలోల పప్పు అని ఆమె చెప్పిన లెక్కనే నేను ఇప్పటికీ పాటిస్త.

పేరెందుకులే | ఆదివారం, మధ్యాహ్నం 12.40

అందరు మంచే రాస్తున్నరు. నేను ఇంకోటి రాస్త, నిర్వాహకులు తీసేస్తే తీసెయ్యిండ్రి.

మా ఇంటికి అవ్వ గంజులు ఇయ్యలే. మా ఇంట్ల ఒకాయన, పేరు ఊరు వద్దు, మొదటి పెండ్లాం బతికుండంగనే, పిల్లలు లేరని ఆమెను పుట్టింటికి తోలి రెండో పెండ్లికి సిద్ధమైండు. సామాన్లకు మా నాయినను పంపిండ్రు. అవ్వ ఇంట్ల మొలలన్నిటికి గంజులు ఉన్నయి, ఒక్క పోగు లేదు. "ఆ బువ్వ నా గంజుల్ల ఉడకది" అన్నది. గంతే. మా నాయిన గల్లీల తలెత్తుకోలేకపోయిండు. ఆయన చేసిన తప్పేంది? మేము కిరాయికి తెచ్చుకొని పెండ్లి చేసినం. ఏండ్లు మాట్లాడలే ఆమెతోని.

మా నానమ్మ పోయినప్పుడు మేము ఆమెను పిలవలే. అర్ధరాత్రి రెండింటికి గుండిగ చప్పుడైంది ఆకిట్ల. ఆమెనే దొర్లించుకుంట తెచ్చింది. పొయ్యి పెట్టి, నీళ్లు కాచి, పొద్దుగాల పోయింది. మా నాయినను సుత పలకరించలే. ఆయనకు ఆమె మీద కోపం ఇప్పటికీ పోలే. ఆమె పోయిందని చెప్తే మాత్రం మొన్నటిసంది మంచం దిగుతలేడు. నాకైతే ఇది ఏం లెక్కనో సమజ్ కాదు.

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 1.05

తీసెయ్యం. ఉండనివ్వండి. ఆ ఇంటివాళ్లు ఎవరో ఊహించి పేర్లు రాసేవాళ్ల పోస్టులు మాత్రం తీసేస్తాం, ఇప్పటికే రెండు తీశాం.

గుంటూరు కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 2.15

నేను పెళ్లయి వరంగల్ వచ్చినదాన్ని. మొదటి ఏడు బతుకమ్మకి మా అత్తగారు పురుడు దగ్గర ఉండి రాలేకపోయారు. నేను బజారులో బంతిపూలు కొనుక్కొచ్చి, తాంబాళంలో గుండ్రంగా పేర్చి, అదే బతుకమ్మ అనుకున్నాను. గంజుల అవ్వ గుమ్మం ముందుగా పోతూ చూసి ఆగింది. లోపలికొచ్చి కూర్చుని, నేను పేర్చిందంతా ఒక్క చేత్తో తీసేసింది. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత తనే మనిషిని పంపి తంగేడు, గునుగు తెప్పించింది. అడుగున గుమ్మడాకు పరవాలని, తంగేడు ముందు రావాలని, గునుగు కొసలు కోసి రంగులో ముంచి ఆరబెట్టాలని, ప్రతి వరసా లోపలికి కొంచెం జరుపుకుంటూ పోతేనే గోపురం నిలబడుతుందని, నడుమ బోలుగా ఉండకుండా ఆకులు కూరాలని చెప్పింది. పైన గుమ్మడిపువ్వు, పక్కన పసుపు గౌరమ్మ. చెబుతూనే చేతులు పని చేశాయి. నన్ను ముట్టుకోనివ్వలేదు. "ఈయేడు చూడు, వచ్చేడు పేర్వు" అంది. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గరకి వాళ్లందరితో తీసుకుపోయింది. నువ్వుల సద్ది, పల్లి సద్ది, కొబ్బరి సద్ది నా కొంగులో వేసి "ఇస్తినమ్మ వాయినం" అంటే నేనేం అనాలో తెలియక థాంక్స్ అన్నాను. ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

మరుసటేడు నేనే పేర్చాను. ఆమె వచ్చి చూసి ఏమీ అనలేదు. అంటే బావుందని అర్థమట, అది మా వీధి వాళ్లు చెప్తే తెలిసింది.

డ్యూటీ నర్సు | ఆదివారం, సాయంత్రం 4.50

ఒక విషయం ఎవరూ రాయలేదు. అవ్వ కండ్లు ఇచ్చింది. వాళ్లింట్ల వాళ్లు చెప్పొచ్చన్నరు కాబట్టే రాస్తున్న.

ప్రజాకవి కాళోజీ 2002ల పోయినప్పుడు ఆయన పార్థివదేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చిండ్రు. అవ్వ ఆ ముచ్చట నాతోని చాలాసార్లు తెచ్చేది. "సారు పెయ్యంత ఇచ్చిండు. నాది నూలు ఒడికి ఒడికి అరిగిన పెయ్యి, ఎవలకొద్దు. కండ్లన్న పనికొస్తయా?" అని అడిగేది. మోతిబిందు (కంటి శుక్లం) ఆపరేషన్ అయింది కదా, ముసలిదాన్ని కదా, తీసుకుంటరా అని రంది పడేది.

అందరికీ పనికొస్తది కాబట్టి చెప్తున్న. వయసు అడ్డం కాదు. మోతిబిందు ఆపరేషన్ అయినా, కండ్లద్దాలున్నా, షుగర్, బీపీ ఉన్నా ఇయ్యొచ్చు. హెచ్ఐవీ, రేబిస్, కొన్ని రకాల కామెర్లు, బ్లడ్ క్యాన్సర్ లాంటివి ఉంటే తీసుకోరు. ప్రాణం పోయిన ఆరు గంటల లోపు తియ్యాలె, అందుకే వెంటనే ఫోన్ చెయ్యాలె. వాళ్లు వచ్చేదాక రెప్పలు మూసి, మీద తడి దూది పెట్టాలె. ఫ్యాన్ బంద్ చెయ్యాలె. తలకింద మెత్త పెట్టి జర ఎత్తుల ఉంచాలె. పని అరగంటల అయిపోతది, మొఖం ఏం మారదు. బతికున్నప్పుడు కాయితం రాసినా రాయకున్నా, ఆ టైముకు ఇంటోళ్లు ఒప్పుకోవాలె. అవ్వకు ఈ సంగతి తెలుసు. అందుకే మనుమరాలితోని ముందే ఒట్టు వేయించుకున్నది.

తెల్లారుజామున ఆ పిల్ల నాకు ఫోన్ చేసినప్పుడు ఏడ్వలే. "అక్కా, ఫ్యాన్ బంద్ చేసిన, దూది పెట్టిన, ఇంకేం చెయ్యాలె" అని అడిగింది.

చౌరస్తా యూత్ | ఆదివారం, సాయంత్రం 5.30

అక్కా, ఇది నాకు తెల్వదు. మా యూత్‌ల ఎంతమంది రాసిస్తరో అడుగుత.

బొమ్మ ముచ్చట మాత్రం నేను ఇడువ. గంజులకైతే నాకో ఉపాయం తోస్తుంది, సంఘం భవనంల పెడుదాం. రూము ఉన్నది, తాళం ఉన్నది, వాచ్‌మన్ ఉన్నడు. బోర్డు మీద అవ్వ పేరు రాద్దాం.

ఉర్సు గుట్ట | ఆదివారం, సాయంత్రం 6.10

తమ్మీ, చెడ్డగ అనుకోకు. కుల సంఘం భవనంల పెడితే మా గల్లీ నుంచి ఎవలన్న వచ్చి అడుగుతరా? మీరు వద్దనరు, నాకు తెలుసు. కని అడిగేటోనికి కాళ్లాడయి. దళితవాడ నుంచి సుత అవ్వ ఇంటికి సక్కగ వచ్చేటోళ్లు. భవనం మెట్లు ఎక్కాల్నంటే వెనకాముందాడుతరు.

మట్టెవాడ మిత్రుడు | ఆదివారం, సాయంత్రం 6.25

ఇంకోటి. చావు అర్ధరాత్రి వస్తది. సంఘం ఆఫీసు పొద్దుగాల పదింటికి తెరుస్తరు.

పాలిటెక్నిక్ బ్యాచ్ | ఆదివారం, రాత్రి 8.00

నేనొక మాట అంటే అందరికీ కోపం వస్తుందేమో. ఈ గంజులు ఇప్పుడు ఎవరికి కావాలి? పెళ్లిళ్లు ఫంక్షన్ హాళ్లకు పోయాయి. ప్లేటుకు ఇంత అని క్యాటరింగ్ వాళ్లకు చెప్తే అన్నీ వాళ్లే చూసుకుంటారు. పురుడు, బారసాల, ఓణీల ఫంక్షన్ అన్నీ అంతే. ఇత్తడి గుండిగ మోయడానికి ఇద్దరు, తోమడానికి ముగ్గురు కావాలి. కళాయి వేసేవాళ్లు కూడా లేరు. గౌరవంగా మ్యూజియంకి ఇచ్చేస్తే సరిపోదా? మన కొత్తవాడ షత్రంజీలకు (నేత జంపఖానాలకు) 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, 1851లో లండన్ ఎగ్జిబిషన్ దాకా పోయిన ఓరుగల్లు నేత మనది. ఆ నేత చరిత్రతో పాటు ఇవీ పెట్టొచ్చు.

మనుమరాలు | ఆదివారం, రాత్రి 9.25

నమస్తే. నేను అవ్వ బిడ్డ బిడ్డను. ఎవరో లింక్ పంపితే మొత్తం చదివిన. అమ్మకు చదివి వినిపించిన. అందరికీ శనార్థులు.

పాలిటెక్నిక్ అన్న చెప్పిందాంట్ల సగం నిజమే. ఈ మూడేండ్లల పెండ్లికని గంజు అడిగినోళ్లు ఇద్దరో ముగ్గురో. అవ్వకు అది తెలుసు. "పెండ్లిళ్లు పెద్దింటికి పోయినయి బిడ్డా, చావులు ఇంకా గల్లీలనే ఉన్నయి" అనేది. చావింట్ల పొయ్యి ముట్టియ్యరు కదా. సుట్టాలు దిగుతనే ఉంటరు, షుగర్ ఉన్నోళ్లుంటరు, పసిపిల్లలుంటరు. క్యాటరింగాయన రెండు వందల ప్లేట్లకైతే వస్తడు. శవం ఇంట్ల ఉండంగ, రాత్రి మూడింటికి, ముప్పై మందికి చాయ, పొద్దుగాల ఇంత బువ్వ పప్పు కావాల్నంటే ఎవలొస్తరు? మొలలకు ఇప్పుడున్న పోగులన్నీ అవే. రంగులు లేవు, అన్నీ తెల్లపోగులే.

అవ్వ పించన్ 2016 రూపాయలల్ల సగం చాయపత్తకు, చక్కెరకు పోయేది. ఒక డబ్బ ఎప్పుడూ నిండ ఉండాలె ఆమెకు.

బొమ్మ వద్దు అన్నా. దయచేసి వద్దు. అవ్వ ఊరంతటిని తిట్టింది, చౌరస్తాల నిలవెడితే ఆడికెళ్లి సుత తిడుతున్నట్టే ఉంటది మాకు. ఫ్లెక్సీ సుత వద్దని అమ్మ అంటుంది. ఆ పైసలు పెడుతనంటే ఒక పని ఉన్నది. రెండు గుండిగలకు కళాయి పోయింది, చాలా రోజులాయె. పులుసుకు వాడనిస్తలేదు, ఉత్త నీళ్లు కాయనీకె ఇస్తుంది. ఇస్తుండే.

మామ సూరత్ నుంచి వచ్చిండు. ఇల్లు ఖాళీ చేసేదాక ఇంటాయన రెండు నెలలు టైమిచ్చిండు, మంచోడే. గంజులు అమ్మెయ్యమని మామ అనలే. ఎవలు చూస్తరో చెప్పమన్నడు. నేను ఎంజీఎం దవాఖాన దగ్గర ల్యాబుల పని చేస్త, రాత్రి డ్యూటీలు పడుతయి. ఒక్కదాన్ని ఉండలేను ఆ అర్రల.

బొగ్గుబాయి | ఆదివారం, రాత్రి 10.10

మాది భూపాలపల్లి, మా అత్తగారిల్లు కొత్తవాడ. చెల్లె, మా అత్తమ్మ వాళ్ల ఇంటి ముందటి షటర్ ఖాళీగనే ఉన్నది. ఇదివరకు మగ్గం ఉండె అండ్ల. గల్లీ మొఖాన ఉంటది, ఎవలైనా రావొచ్చు. ఆమెకు నిద్ర పట్టదు, రాత్రి ఎప్పుడు పిలిచినా పలుకుతది. కిరాయి వద్దంటది గని నెలకు ఎంతో కొంత అందరం వేసుకొని ఇద్దాం. ఊకెనే అయితే రెండు నెలలకు మనసు మారుతది, మనుషులం కదా.

సూరత్‌ల ఓరుగల్లోడు | ఆదివారం, రాత్రి 10.22

నా వంతు ప్రతి నెల వస్తది. సూరత్‌ల మనోళ్లు పదిమందిని జమచేస్త.

సిరిసిల్ల సాంచెలు | ఆదివారం, రాత్రి 10.40

కళాయి పనోడు మా దిక్కు ఒకాయన ఉన్నడు, ఊర్లు తిరుగుతడు. ఫోన్ నంబరు నిర్వాహకులకు పంపుత, ఈడ పెట్ట.

ఉర్సు గుట్ట | ఆదివారం, రాత్రి 10.44

వద్దు సాంచెలన్నా, జర ఆగు. మా అబ్బాకు డెబ్బై ఆరు. తిత్తి, పట్టకారు అటక మీదనే ఉన్నయి. అవ్వ గుండిగలు వేరేటోడు ముడితే ఆయన నన్ను ఇంట్లకు రానియ్యడు. చేతులు వణుకుతున్నయి గని పక్కన కూసొని చెప్తడు, నేను చేస్త. తగరం మాత్రం రేటు మస్తు పెరిగింది.

చౌరస్తా యూత్ | ఆదివారం, రాత్రి 11.00

తగరం ఖర్చు మాది. బొమ్మకనుకున్న ఇరవై వేలు దీనికే. ఇంక నన్నెవలు ఏమనకుండ్రి 😅

పాలిటెక్నిక్ బ్యాచ్ | ఆదివారం, రాత్రి 11.12

సరే, నా మ్యూజియం మాట వెనక్కి. కానీ తోమడం ఎవరు? అవ్వ తిట్టేది కాబట్టి పోయేవాళ్లు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే అందరూ దండం బొమ్మ పెట్టి పడుకుంటారు. అది ముందు తేల్చండి.

కొత్తవాడ పిలగాడు | సోమవారం, ఉదయం 5.35

తేల్చే టైము లేదు. చార్‌బౌళిల రాత్రి ఒక పెద్దాయన పోయిండు. వాళ్ల కొడుకు నాలుగింటికి అవ్వ ఇంటికే వచ్చిండు, ఆమె పోయిన సంగతి తెల్వదట పాపం. నేను, మనుమరాలు కలిసి ఒక గుండిగ, రెండు బగోనలు ఆటోల వేసినం. సుట్టాలు వరంగల్ స్టేషన్ల దిగుతున్నరు. పది దాటంగ తోముడు ఉంటది, ముగ్గురు కావాలె. లెక్క ప్రకారం పోయినసారి గంజు ఎవలింటికి పోయిందో వాళ్లు రావాలె.

మనుమరాలు | సోమవారం, ఉదయం 5.41

పోయినసారి గంజు పోయింది మా ఇంటికే అన్నా. అవ్వకే. నేను వస్త.

పేరెందుకులే | సోమవారం, ఉదయం 6.02

నేనొకన్ని. మా నాయిన సుత లేసిండు, బనీను వేసుకుంటున్నడు. బొగ్గుపొడి మా ఇంట్ల ఉన్నది, తెస్త.

చౌరస్తా యూత్ | సోమవారం, ఉదయం 6.30

నాకు గుండిగ తోముడు రాదు అన్నా, నిజంగ. వస్తున్న. చార్‌బౌళిల ఏ గల్లీ?